స్కీ సెలవుల్లో ధ్రువకాంతులు: తిరుపతి, చిత్తూరు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలపు సెలవుల్లో మంచు మీద స్కీయింగ్ నేర్చుకొని, అదే ప్రయాణంలో రాత్రిపూట నార్తర్న్ లైట్స్ అని అందరూ పిలిచే ధ్రువకాంతులను కూడా చూసి రావాలని అనుకునే కుటుంబాలు మన ప్రాంతంలోనూ ఉన్నాయి. అటువంటివారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. మా అభిప్రాయం ముందే చెబుతున్నాము: ఉత్తరాన సరైన ఊరు చేరిన తరువాత కాంతులు కనిపించడం, కనిపించకపోవడం సూర్యుడి మీద కన్నా మబ్బుల మీద, మీరు ఉండే రాత్రుల సంఖ్య మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కాబట్టి పగటి స్కీయింగుతోనే ప్రయాణానికి నిండుదనం వచ్చేలా ఏర్పాట్లు చేసుకొని, రాత్రులను ఆకాశానికి కేటాయించడం మంచిది.

ధ్రువకాంతులు ఎలా ఏర్పడతాయి? తిరుపతి ఆకాశంలో అవి ఎందుకు కనిపించవు?

సూర్యుడి నుంచి విద్యుదావేశం గల కణాలు ఎడతెగకుండా వెలువడుతూ ఉంటాయి. సౌరపవనం అనే ఈ ప్రవాహం సెకనుకు సుమారు 300 నుంచి 800 కిలోమీటర్ల వేగంతో భూమిని చేరుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం దానిలో చాలా భాగాన్ని పక్కకు మళ్ళిస్తుంది. అయితే ఆ క్షేత్రంలో పోగుపడిన శక్తి విడుదలైనప్పుడు వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు క్షేత్ర రేఖల వెంట ధ్రువ ప్రాంతాల వైపు దిగి, నేలకు 100 నుంచి 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొంటాయి. అప్పుడు వెలువడే వెలుగే ఈ కాంతి. తరచుగా కనిపించే ఆకుపచ్చ రంగు సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులోని ఆక్సిజన్ నుంచి వస్తుంది. దాని తరంగదైర్ఘ్యం 557.7 నానోమీటర్లు. 200 కిలోమీటర్ల పైన ఉన్న ఆక్సిజన్ ఎరుపు రంగును ఇస్తుంది. కింది అంచున అప్పుడప్పుడు మెరిసే గులాబీ, ఊదా రంగులు నైట్రోజన్‌వి. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియాన్ బిర్కెలాండ్ ఆల్టా సమీపంలోని హాల్డే కొండ మీద చలికాలమంతా పరిశీలనలు జరిపి, ఆ పైన ప్రయోగశాలలో ఒక అయస్కాంత గోళం చుట్టూ ఇటువంటి వెలుగును పుట్టించి చూపాడు.

ఈ కణాలు దిగే చోటు అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక వలయంలా ఉంటుంది. ఉత్తర స్కాండినేవియాలో 65 నుంచి 70 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న ఊళ్ళు ఆ వలయం కిందికి వస్తాయి. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు మాత్రమే. పైగా అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో రాకెట్ ప్రయోగాలు మొదలైన కేరళలోని తుంబాను ఎంచుకోవడానికి కారణం కూడా అదే. అందువల్ల మన దగ్గర క్షేత్ర రేఖలు దాదాపు నేలకు సమాంతరంగా ఉంటాయి, కణాలు వాటి వెంట కిందికి దిగవు. చాలా పెద్ద సౌర తుఫానులు మాత్రం దీనికి మినహాయింపు. 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో కాంతులు కనిపించినట్లు నమోదైంది. 2024 మే నెల తుఫానులో లద్దాఖ్‌లోని హాన్లే పరిశీలనశాల కెమెరాలు ఎర్రని కాంతిని పట్టుకున్నాయి.

ఈ శాస్త్రం మీద ఆసక్తి గల పిల్లలకు ఒక మాట చెప్పవచ్చు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో ఉన్న గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎమ్‌ఎస్‌టీ రాడార్ మన తల మీది వాతావరణాన్ని పదుల కిలోమీటర్ల ఎత్తు వరకు పరిశీలిస్తుంది. ధ్రువాల దగ్గర కాంతులను రగిలించే అయస్కాంత తుఫాను మన పైన విద్యుదావేశ కణాలతో నిండిన పొరను, అంటే అయనోవరణాన్ని కూడా కదిలిస్తుంది. కంటికి కనిపించకపోయినా దాని ప్రభావం ఇక్కడి దాకా వస్తుంది.

స్విట్జర్లాండ్ స్కీ ప్యాకేజీ తీసుకుంటే అక్కడ కాంతులు కనిపిస్తాయా?

కనిపిస్తాయని నమ్మి డబ్బు కట్టకండి. ఆల్ప్స్ పర్వతాలు సుమారు 46, 47 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఉన్నాయి. అసాధారణమైన తుఫాను వచ్చిన రాత్రి అక్కడ కూడా ఆకాశం ఎర్రబడుతుంది గానీ, అది ఏ రాత్రో నెలల ముందు ఎవరూ చెప్పలేరు. మంచి స్కీయింగ్ ఒక్కటే కావాలంటే ఆల్ప్స్ గొప్ప చోటు; రెండూ కావాలంటే ఫిన్లాండ్, స్వీడన్, నార్వే దేశాల ఉత్తర భాగానికి వెళ్ళాలి.

అయితే ఏ ఊరిని ఎంచుకోవాలి?

మొదటిసారి స్కీలు తొడుక్కునే కుటుంబానికి ఫిన్లాండ్‌లోని లెవీని మేము ముందుగా సూచిస్తాము. ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన, 67.8 డిగ్రీల దగ్గర ఉన్న ఈ ఊరికి కిట్టిలా విమానాశ్రయం చాలా దగ్గర. లెవీ శిఖరం ఎత్తు 531 మీటర్లు. మన తిరుమల కొండ కంటే తక్కువ. అందువల్ల ఎత్తైన చోట్ల వచ్చే ఊపిరి ఇబ్బంది ఇక్కడ ఉండదు, వాలులు కూడా కొత్తవారిని భయపెట్టేంత నిట్టనిలువుగా ఉండవు. ప్రతి నవంబరులో ఇక్కడ ప్రపంచ కప్ స్లాలమ్ (పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే) పోటీలు జరుగుతాయి. గెలిచినవారికి ఒక రెయిన్‌డీర్‌ను బహూకరించడం, దానికి వారు పేరు పెట్టడం ఆనవాయితీ. కొంచెం పొడవైన వాలులు కావాలంటే సమీపంలోనే 718 మీటర్ల యుల్లాస్ ఉంది.

ఆకాశమే ముఖ్యం అనుకునేవారికి స్వీడన్‌లోని అబిస్కో మేలు. నార్వే సరిహద్దులోని పర్వతాలు అట్లాంటిక్ నుంచి వచ్చే తేమను ముందే అడ్డుకోవడం వల్ల, ఆ కొండల చాటున ఉన్న అబిస్కోలో మబ్బులు తక్కువగా ఉంటాయి. స్వీడన్‌లో అతి తక్కువ వర్షపాతం గల చోట్లలో ఇదొకటి. ఇక్కడి న్యూల్యా కొండ మీదికి రాత్రిపూట కుర్చీ లిఫ్టులో వెళ్ళి కాంతులను చూసే కేంద్రం ఉంది. స్కీయింగ్ కోసం పక్కనే ఉన్న బ్యోర్క్‌లిడెన్‌కు వెళ్ళవచ్చు. అదే రైలు మార్గం చివర, నార్వేలోని నార్విక్‌లో, సముద్రపు పాయను చూస్తూ దిగే వాలులు ఉన్నాయి. కొంత అనుభవం ఉన్నవారికి అవి బాగుంటాయి.

నార్వేలోని ట్రోమ్సో పేరు అందరూ వినే ఉంటారు. సముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల అక్కడ చలి తక్కువ, కాంతులు వెతికి చూపించే గైడులు ఎక్కువ. అయితే అదే సముద్రం మబ్బులను కూడా తెస్తుంది. దగ్గరలోని లింగెన్ పర్వతాల్లో స్కీయింగ్ అంటే లిఫ్టులు లేని కొండలు ఎక్కి దిగడం. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది కనుక శిక్షణ లేనివారు అటు వెళ్ళకూడదు.

ఏ నెలలో వెళ్ళడం మంచిది?

ఫిబ్రవరి రెండో భాగం, మార్చి నెల. మంచు అప్పటికి బాగా పేరుకొని ఉంటుంది, పగటి వెలుగు స్కీయింగుకు సరిపడా దొరుకుతుంది, రాత్రి చీకటి ఇంకా పొడవుగానే ఉంటుంది. పైగా పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల చుట్టూ భూమి అయస్కాంత క్షేత్రం సౌరపవనంతో సులభంగా ముడిపడే కోణంలో ఉండటం వల్ల కాంతుల చురుకుదనం పెరుగుతుంది.

కానీ మన ఇళ్ళలో పదో తరగతి, ఇంటర్ పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. అందుకే చాలామంది క్రిస్మస్ సెలవులనో, సంక్రాంతి సెలవులనో ఎంచుకుంటారు. డిసెంబరులో ధరలు, రద్దీ రెండూ ఎక్కువ. లెవీలో డిసెంబరు రెండో వారం నుంచి జనవరి ఆరంభం వరకు, ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు; మధ్యాహ్నం కొన్ని గంటలు నీలిరంగు మసక వెలుగు మాత్రం ఉంటుంది, వాలులకు దీపాలు వేస్తారు. సంక్రాంతి నాటికి లెవీలో సూర్యుడు మళ్ళీ కనిపిస్తాడు గానీ చలి తీవ్రంగా ఉంటుంది. వేసవి సెలవుల్లో వెళ్తే మాత్రం కాంతులు చూడలేరు. అక్కడ అప్పుడు రాత్రి చీకటే పడదు.

సూర్యుడి చురుకుదనం తగ్గిపోతోందని విన్నాము. ఆలస్యం చేస్తే అవకాశం పోతుందా?

పోదు. సూర్యుడి చక్రం సుమారు 11 ఏళ్ళది. ప్రస్తుత చక్రం గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. ఆ తరువాతి ఏళ్ళలో కూడా సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలోని రంధ్రాల నుంచి వేగవంతమైన సౌరపవనం వస్తూ, సూర్యుడు ఒకసారి తిరిగే సుమారు 27 రోజులకు మళ్ళీ మళ్ళీ భూమి వైపు తిరుగుతుంది. కాంతుల వలయం కింద ఉన్న ఊళ్ళలో సూర్యుడు మందగించిన ఏళ్ళలోనూ కాంతులు వస్తూనే ఉంటాయి.

ఎన్ని రాత్రులు ఉండాలి?

కనీసం నాలుగు, వీలైతే ఆరు. ఒక్క రాత్రి కోసం అంత దూరం వెళ్ళి మబ్బు పట్టిన ఆకాశం చూసి తిరిగి రావడం కంటే, ఖరీదైన గాజు ఇగ్లూ గదిని మానుకొని ఆ డబ్బుతో మామూలు కాటేజీలో ఇంకో రెండు రాత్రులు ఉండటం తెలివైన పని అని మా గట్టి నమ్మకం.

మొబైల్‌లో కనిపించే కేపీ అంకెను ఎంతవరకు నమ్మాలి?

కేపీ అనేది భూమి మొత్తానికి కలిపి, మూడు గంటలకు ఒకసారి, 0 నుంచి 9 వరకు ఇచ్చే అయస్కాంత అలజడి సూచిక. లెవీ, అబిస్కో, ట్రోమ్సోల వంటి చోట్ల 2 ఉన్నా, కొన్నిసార్లు 1 ఉన్నా కాంతులు కనిపిస్తాయి. ఏడో ఎనిమిదో రావాలని ఎదురుచూస్తూ గదిలో కూర్చుంటే నష్టపోతారు. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున్న ఎల్‌1 బిందువు దగ్గర ఉపగ్రహాలు సౌరపవనాన్ని కొలుస్తాయి. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్‌1 కూడా అక్కడే ఉంది. ఆ బిందువు దాటిన పవనం దాని వేగాన్ని బట్టి సుమారు అరగంట నుంచి గంటన్నర లోపు భూమిని చేరుతుంది కనుక, నమ్మదగిన హెచ్చరిక అంతకు మించి ముందుగా దొరకదు. వారం ముందు చెప్పే అంకెలను అంచనాగానే తీసుకొని, ప్రతి సాయంత్రం ముందుగా మబ్బుల పటాన్ని, ఆ తరువాతే కేపీని చూడండి.

ఫోటోల్లో ఉన్నట్లే కంటికి కూడా కనిపిస్తాయా?

ఈ ప్రశ్నకు నిజం చెప్పడం మా బాధ్యత. చాలా రాత్రులు కాంతి మొదట ఉత్తర దిక్కున, చెట్ల పైన, పలుచని మబ్బు చారలా తెల్లబూడిద రంగులో మొదలవుతుంది. మసక వెలుగులో మన కన్ను రంగును సరిగా గుర్తించదు. అది మబ్బో కాంతో తేల్చుకోవడానికి రెండు గుర్తులు ఉన్నాయి. మొదటిది, కాంతి వెనుక నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తూనే ఉంటాయి. రెండోది, మొబైల్‌ను నైట్ మోడ్‌లో మూడు సెకన్లు కదలకుండా పట్టుకొని ఫోటో తీస్తే మబ్బు బూడిద రంగులోనే ఉంటుంది, కాంతి అయితే తెర మీద ఆకుపచ్చగా వస్తుంది. అటువంటి చార కనిపించినప్పుడు గదిలోకి వెళ్ళిపోకండి. కొంతసేపటికి చార వంపు తిరిగి, దాని కింది అంచు పదునెక్కి, నిలువు గీతలు లేచి ఒక్కసారిగా నడినెత్తికి చేరవచ్చు. అప్పుడు ఆకుపచ్చ రంగు కంటికి కూడా స్పష్టంగా తెలుస్తుంది, కింది అంచున గులాబీ రంగు పరుగెడుతుంది. ఆ ఉద్ధృతి కొన్ని నిమిషాలే ఉండి మళ్ళీ చల్లారిపోతుంది. రాత్రి తొమ్మిది నుంచి రెండు గంటల మధ్య దీనికి అవకాశం ఎక్కువ.

ఫిన్లాండ్ గడియారం చలికాలంలో మనకంటే మూడున్నర గంటలు, నార్వే, స్వీడన్‌లవి నాలుగున్నర గంటలు వెనుక ఉంటాయి. అక్కడి రాత్రి పదకొండు మన శరీరానికి తెల్లవారుజాము కనుక, మొదటి రెండు రోజులు మధ్యాహ్నం ఒక కునుకు తీయడం అవసరం.

మేము ఎప్పుడూ స్కీయింగ్ చేయలేదు. ఎలా సిద్ధం కావాలి?

లెవీ వంటి చోట్ల స్కీ స్కూళ్ళు ఉంటాయి, బూట్లు, స్కీలు, కర్రలు, హెల్మెట్ అన్నీ అద్దెకు దొరుకుతాయి. మొదటి రెండు రోజులు శిక్షకుడి దగ్గర పాఠం తీసుకోండి. బంధువులలో ఒకరికి వచ్చు కదా అని వారి మీద ఆధారపడకండి. ఆ దేశాల్లో వాలులకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని క్రమంగా కష్టాన్ని సూచించే రంగులు ఉంటాయి. ఆకుపచ్చ మీద ఆగడం, తిరగడం వచ్చేవరకు నీలం వైపు వెళ్ళవద్దు. వెళ్ళేముందు మన దేశంలోనే గుల్మార్గ్‌లో గానీ, ఔలీలో గానీ కొద్ది రోజులు నేర్చుకుంటే విదేశంలో సమయం, డబ్బు రెండూ కలిసివస్తాయి.

శరీరాన్ని సిద్ధం చేయడానికి తిరుపతివారికి ఉన్న సౌకర్యం చాలా ఊళ్ళవారికి లేదు. స్కీయింగులో భారమంతా తొడల మీద పడుతుంది. అలిపిరి నడకదారిలోని 3550 మెట్లను ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి వారానికి ఒకసారి ఎక్కండి. వీలైతే బస్సులో కాకుండా మెట్ల మీదుగానే దిగండి. దిగేటప్పుడు తొడ కండరాలు శరీరాన్ని నిలువరించే తీరు స్కీయింగులో అవి చేసే పనికి చాలా దగ్గరగా ఉంటుంది.

స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ తొడుగు. దానిలో ఒక్క జత పలుచని ఉన్ని మేజోళ్ళే వేసుకోవాలి. రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి కాళ్ళు మరింత చల్లబడతాయి. మెట్టెలు ధరించే మహిళలకు బూటు మునివేళ్ళను నొక్కే చోట అవి ఒరుసుకొని పుండ్లు పడతాయి. తీయడం ఇష్టం లేకపోతే సన్నని మెట్టెలకు మారి, పైన మెత్తని టేపు చుట్టి, వెడల్పు రకం బూటు ఇమ్మని అద్దె దుకాణంలో అడగండి.

స్కీ చేస్తూనే కాంతులు చూడవచ్చా?

సాయంత్రం దీపాల వెలుగులో నడిచే వాలుల మీద ఆ దీపాల వల్లే కాంతులు సరిగా కనిపించవు. లిఫ్టులు మూసిన తరువాత వాలుల మీదికి వెళ్ళడం ప్రమాదకరం. మంచును చదును చేసే భారీ యంత్రాలు అప్పుడే తిరుగుతాయి, కొన్నింటికి పొడవైన ఉక్కు తీగలు కట్టి ఉంటాయి, చీకట్లో అవి కనిపించవు. గైడుతో కలిసి మంచు బూట్లతో నడవడం, గడ్డకట్టిన సరస్సు ఒడ్డున నిలబడి చూడటం మేలైన దారులు. ఎంతసేపైనా నిలబడాలంటే స్కీ బూట్లు విప్పి వెచ్చని మంచు బూట్లు వేసుకోండి.

చలికి ఎటువంటి దుస్తులు కావాలి?

ఈ దేశాల ఉత్తర ప్రాంతమైన లాప్‌లాండ్‌లో జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీలు మామూలు, అప్పుడప్పుడు మైనస్ 30 దాకా దిగుతుంది. ఒంటికి ఆనుకొని ఉన్ని లోదుస్తులు, వాటి మీద ఫ్లీస్, పైన గాలి చొరబడని కోటు ఉండాలి. నూలు బట్టలు చెమటను పీల్చుకొని తడిగా ఉండిపోతాయి కనుక ఒంటిని తాకే పొరలో వాడకూడదు. వేళ్ళు విడిగా ఉన్న గ్లోవ్స్ కంటే వేళ్ళన్నీ కలిసి ఉండే మిటెన్లు వెచ్చగా ఉంటాయి. బరువైన పై దుస్తులు అక్కడ అద్దెకు దొరుకుతాయి. వాటిని ఇక్కడ కొని మోసుకువెళ్ళనక్కరలేదు. ముక్కుపుడక, చెవి కమ్మలు వంటి లోహపు ఆభరణాలు చలిని నేరుగా చర్మానికి చేరుస్తాయి. బయట ఎక్కువసేపు నిలబడే రాత్రి వాటిని తీసివేయండి, లేదా ఉన్ని ముసుగుతో కప్పండి. ముక్కు మీద, బుగ్గల మీద తెల్లని మచ్చలు కనిపిస్తే వెంటనే లోపలికి వెళ్ళాలి. ఆ మచ్చలను మంచుతో రుద్దకూడదు.

అమ్మానాన్నలను, చిన్న పిల్లలను తీసుకువెళ్ళవచ్చా?

తీసుకువెళ్ళవచ్చు. పెద్దలకు చలి కంటే జారిపడటమే పెద్ద ప్రమాదం. బూట్ల అడుగున తగిలించుకునే ముళ్ళ పట్టీలు మొదటి రోజే కొనివ్వండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. దాన్ని చేతి సంచిలో ఉంచి, బయటికి వెళ్ళేటప్పుడు లోపలి జేబులో శరీరానికి దగ్గరగా పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు నోటికి ఉన్ని గుడ్డ అడ్డం పెట్టుకొని ఊపిరి తీసుకోవాలి, ఇన్‌హేలర్‌ను కూడా వెచ్చగా ఉంచాలి. చిన్న పిల్లలు చలిగా ఉందని చెప్పకుండానే నీరసపడతారు కనుక అరగంటకు ఒకసారి వారి వేళ్ళు తాకి చూడండి.

వీసా, బీమా, ప్రయాణ మార్గం ఎలా?

ఈ మూడు దేశాలకూ షెంగెన్ వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు 45 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది: వీసాకు సరిపోయే మామూలు బీమా పాలసీల్లో చాలావాటిలో స్కీయింగ్ గాయాలకు వర్తింపు ఉండదు. చలికాలపు క్రీడలకు వర్తిస్తుందని పాలసీ పత్రంలో రాసి ఉందో లేదో స్వయంగా చదవండి.

తిరుపతివారికి చెన్నై, చిత్తూరువారికి చెన్నై గానీ బెంగళూరు గానీ అనుకూలమైన విమానాశ్రయాలు. హెల్సింకి నుంచి లాప్‌లాండ్‌కు, స్టాక్‌హోమ్ నుంచి కిరునా, అబిస్కో, నార్విక్‌లకు రాత్రి రైళ్ళు ఉన్నాయి.

శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

దొరుకుతుంది గానీ రకాలు తక్కువ. వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటే బెంగ ఉండదు. కందిపొడి, చింతపండు గుజ్జు, నూనె ఊరగాయ, అటుకులు, రవ్వ తీసుకువెళ్ళండి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం బయటి దేశాల నుంచి పాల ఉత్పత్తులు, మాంసం తేకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా సంచిలో పెట్టకండి. నేతితో చేసిన లడ్డూ ప్రసాదం విషయంలో ఆ దేశపు కస్టమ్స్ శాఖను ముందే అడగడం మంచిది. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎండబెట్టి పొడి కొట్టినది సులభం. కాటేజీల్లో పొగను పసిగట్టే అలారాలు ఉంటాయి. ఎండుమిరపకాయల తిరగమోత వేసేముందు పొయ్యి పైనున్న ఫ్యాను పూర్తిగా తిప్పి, మూత పట్టుకొని సిద్ధంగా ఉండండి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టదు కనుక రైస్ కుక్కర్‌కు అడాప్టర్ అవసరం.

ఫోటోలు తీయడానికి ఏం కావాలి?

ట్రైపాడ్ ఉండాలి. కెమెరా అయితే ఫోకస్‌ను చేత్తో ఒక నక్షత్రం మీద సరిచేసి, ఎఫ్ 2.8 దగ్గర, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200 మధ్య, 5 నుంచి 15 సెకన్లు ఇవ్వండి. కాంతి వేగంగా కదులుతుంటే సమయం తగ్గించండి. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి, రెండోదాన్ని లోపలి జేబులో ఉంచండి. తిరిగి లోపలికి వచ్చేముందు కెమెరాను సంచిలో వేసి జిప్పు మూసి, గది వేడికి మెల్లగా అలవాటు పడనివ్వండి. లేకపోతే లెన్సు లోపల తేమ పడుతుంది.

అన్ని రాత్రులూ మబ్బు పడితే ఏం చేయాలి?

మబ్బు ఒకేసారి అంతటా ఉండదు. వాహనంలో వంద కిలోమీటర్లకు పైగా తిప్పి తేటగా ఉన్న ఆకాశం వెతికే గైడులు ఉంటారు. ఆ ఒక్క యాత్రను ముందే బుక్ చేయకుండా, మబ్బుల పటం చూసి అదే రోజు నిర్ణయించుకునేలా డబ్బు పక్కన పెట్టుకోండి. మంచుతో కప్పిన నున్నని దారుల మీద మీరే కారు నడపాలని అనుకోకండి. ఉత్తరానికి వెళ్ళే విమానాన్ని సాయంత్రం చీకటి పడ్డాక ఉండేలా తీసుకొని కిటికీ సీటు అడగండి. మబ్బులు పది కిలోమీటర్ల లోపే ఉంటాయి, కాంతులు వందకు పైన ఉంటాయి కనుక, కింద ఏమీ కనిపించని రాత్రి కూడా విమానం నుంచి కనిపించే అవకాశం ఉంటుంది.